కేజ్ వల నిండా పట్టుకున్న ఆ సన్నటి పురుగులు: కాప్రెల్లా గురించి కొంచెం వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ వైపు సముద్రంలో కేజ్ వేసి పండుగప్ప పెంచుతున్నారు. ఈమధ్య వల పైకి లాగితే తాళ్ళ మీద, నాచు మీద సెంటీమీటరు పొడుగున్న సన్నటి పురుగులు వేలకొద్దీ పట్టుకుని ఊగుతూ కనిపించాయి. అవి చేపల్ని కొరుకుతాయా, మందు కొట్టాలా, మీ స్నేహితుడు ఫోన్‌లో వెతికి చెప్పినట్టు అది జపాన్ వైపు నుంచి వచ్చిన కాప్రెల్లా మ్యూటికానేనా అన్నది మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. చేపల్ని కొరకవు. మందు వద్దు. మ్యూటికా అయ్యే అవకాశం చాలా తక్కువ. మీరు చూడాల్సింది పురుగుల్ని కాదు, వల కన్నుల్ని. ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త పొడుగే అవుతుంది.

మీ ఫోటో మసగ్గా ఉన్నా, వెనక కాళ్ళతో తాడు పట్టుకుని ఒళ్ళంతా నిటారుగా లేపి నిలబడిన ఆ తీరు చూస్తే అది కాప్రెల్లిడ్ అని చెప్పడానికి అనుమానమేమీ లేదు. ఇంగ్లీషు పేరు స్కెలిటన్ ష్రింప్. పేరులో ష్రింప్ ఉందని రొయ్య అనుకోకండి, రొయ్య పిల్ల అంతకన్నా కాదు. ఇవి ఆంఫిపాడ్లు, అంటే రొయ్య, పీతల్లాగే క్రస్టేషియన్ల (పెంకు ఒళ్ళు, కీళ్ళ కాళ్ళు ఉన్న జీవుల) వర్గంలోనే ఇంకో గుంపు. బీచ్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్ళుతున్న నాచు ఎత్తితే కింద నుంచి టపటపా ఎగిరే చిన్న జీవులు ఉంటాయి చూడండి, అవీ ఆంఫిపాడ్లే, వీటికి దాయాదులు. కాప్రెల్లా అన్నది కాప్రెల్లిడ్ల కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద ప్రజాతి, 150కి పైగా జాతులున్నాయి. 1801లో లామార్క్ ఈ పేరు పెట్టాడు.

నా పని ఫౌలింగ్ మీద. అంటే పడవ అడుగున, జెట్టీ స్తంభాలకి, వలలకి ఏవేం అతుక్కుని పెరుగుతాయో చూసి, వేరుచేసి, లెక్కపెట్టడం. ఆ పనిలో కాప్రెల్లిడ్లు తగలని బకెట్ అరుదు. అందుకే "ఇవేంటి సార్, చేపల్ని తినేస్తున్నాయి" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే: చేప ఒంటి మీద చూశారా, వల మీద చూశారా? ఇప్పటిదాకా నాకు ఫోన్ చేసిన వాళ్ళందరూ వల మీదే చూశారు.

ఒకసారి మీరే దగ్గరగా చూడండి, భయం పోతుంది. తాడు మీద పెరిగిన కుచ్చులాంటి నాచు ముక్క ఒకటి కత్తిరించి, తెల్ల సాసర్లో సముద్రపు నీళ్ళు పోసి అందులో వేయండి, పైన భూతద్దం పట్టుకోండి. రెండు నిమిషాలు కదలదు. తర్వాత ఒకటి లేస్తుంది. ఒళ్ళు చివర మూడు జతల కాళ్ళు ఉంటాయి, కొసన కొక్కేల్లా వంగి, వాటితో నాచుని గట్టిగా పట్టుకుంటుంది. మధ్యలో ఒళ్ళు ఉత్త కడ్డీ, కాళ్ళుండవు, ఒంటి కణుపుల్లో, అంటే ఖండాల్లో, మూడోదానికీ నాలుగోదానికీ చిన్న రేకుల్లాంటి మొప్పలు మాత్రం వేలాడుతుంటాయి. పైన రెండు జతల పట్టుకాళ్ళు, వాటిలో రెండో జత మగదానికి ఒంటితో పోలిస్తే మరీ పెద్దది. తలకి రెండు జతల మీసాలు. చాలా జాతుల్లో రెండో జత మీసాల కింద బారుగా వెంట్రుకలుంటాయి, నీళ్ళల్లో ముందుకీ వెనక్కీ వంగుతూ ఆ వెంట్రుకలతో కొట్టుకొచ్చే తుక్కుని పట్టి, మీసాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని దువ్వినట్టు తినేస్తుంది. పొట్ట భాగం దాదాపు లేనట్టే, చివర చిన్న బొడిపె మిగిలి ఉంటుంది. నడిచేటప్పుడు మన ఆముదం చేలో దాసరి పురుగు లాగా ముందు భాగం ఆనించి, వెనక భాగం దగ్గరికి లాక్కుని, మళ్ళీ ముందుకి చాపి పోతుంది. ఈత వచ్చు గానీ పేరుకే, పట్టు వదిలితే ఎటో కొట్టుకుపోతుంది కాబట్టి వీలైనంతవరకు వదలదు.

మధ్యలో ఉబ్బెత్తుగా సంచిలాంటిది కనిపిస్తే అది ఆడది. గుడ్లు ఆ సంచిలోనే పొదుగుతుంది. రొయ్యకి, పీతకి ఉన్నట్టు వీటికి నీళ్ళల్లో తేలే లార్వా దశ లేదు, పిల్ల బయటికి వచ్చేటప్పటికే తల్లి ఆకారంలోనే ఉంటుంది. కొన్ని జాతుల్లో పిల్లలు కొన్నాళ్ళు తల్లి ఒంటిని పట్టుకునే ఉంటాయి, కొన్నిట్లో తల్లి చుట్టూ నాచు మీద కాచుకుని ఉంటాయి, తల్లి దగ్గరికొచ్చిన వాటిని తరుముతుంది. జపాన్ పరిశోధకులు 1991లో కాప్రెల్లా మోనోసెరోస్, కాప్రెల్లా డెసిపియెన్స్ అనే రెండు జాతుల్లో ఈ రెండు రకాల సాకుడునీ వివరించారు. మీకు ఇందులో పనికొచ్చే విషయం ఏంటంటే, పుట్టినవి పుట్టినచోటే ఉండిపోతాయి. గోరువెచ్చటి నీళ్ళల్లో కొన్ని వారాల్లోనే పెద్దవై అవీ గుడ్లు పెడతాయి. అందుకే పక్క తాడు మీద నాలుగు కనిపిస్తే మీ తాడు మీద నాలుగువేలు కనిపించడం. ఏదో ఒక్కసారిగా వచ్చి దాడి చేసినట్టు అనిపిస్తుంది గానీ, అవి అక్కడే పుట్టి పెరిగినవి.

ఇక తిండి సంగతి. స్పెయిన్ పరిశోధకులు చాలా జాతుల పొట్టలు కోసి చూసి 2009లో చెప్పింది ఏంటంటే, కాప్రెల్లా ఎక్కువగా తినేది డెట్రైటస్, అంటే నీళ్ళల్లో కుళ్ళి పొడిపొడిగా తేలే తుక్కు. దానికి తోడు సూక్ష్మ నాచు, అప్పుడప్పుడు కోపిపాడ్లు (నలకంత క్రస్టేషియన్లు), హైడ్రాయిడ్ (నాచులా కనిపించే జంతువు) ముక్కలు. మీ కేజ్‌లో మిగిలిపోయిన మేత పొడి, చేప రెట్ట కూడా ఆ తుక్కులోకే వస్తాయి. కేజ్ దగ్గర అంత దట్టంగా పెరగడానికి అదో కారణం. పండుగప్పని కొరికే నోరు గానీ, దాని ఒంటి మీద ఉండే అలవాటు గానీ వీటికి లేవు.

ఒక్క మాట, ఇక్కడ ఎవరైనా "మరి తిమింగలం పేలు వీటి చుట్టాలే కదా" అని అడుగుతారు. నిజమే, తిమింగలాల ఒంటి మీద చర్మం తింటూ బతికే సయామిడ్లు కాప్రెల్లిడ్లకి చాలా దగ్గరి బంధువులు. కానీ అవి వేరే కుటుంబం, కాళ్ళు పొట్టిగా, ఒళ్ళు బల్లపరుపుగా ఉంటాయి, తిమింగలం దాటి బయటికి రావు. కాప్రెల్లాలో కూడా జంతువుల మీద కాపురం ఉండేవి కొన్నున్నాయి. కాప్రెల్లా ఆండ్రియే సముద్రపు తాబేళ్ళ చిప్ప మీద, తేలే దుంగల మీద తిరుగుతుంది. కాప్రెల్లా అంగులినా లోతు నీళ్ళ పీతల మీద ఉంటుంది. అవి కూడా ఆ తాబేలునో పీతనో తినవు, సవారీ మాత్రమే.

మరి చేపలకి ఇబ్బంది ఎప్పుడు? వల కన్నులు మూసుకుపోయినప్పుడు. ఒకాయన పండుగప్ప మేతకి రావట్లేదని, ఈ పురుగులే పీక్కు తింటున్నాయని గట్టిగా నమ్మి నన్ను పిలిచాడు. వెళ్ళి చూస్తే వల బయటి వైపు హైడ్రాయిడ్లు, బ్రయోజోవన్లు (గుంపుగా అతుక్కుని పెరిగే చిన్న జంతువులు), చిన్న ఆల్చిప్పలు కలిసి దుప్పటి కప్పినంత మందంగా ఉన్నాయి, లోపలికి నీళ్ళు సరిగ్గా పోవట్లేదు, పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ దుప్పటి మీద కాప్రెల్లిడ్లు మాత్రమే కదులుతున్నాయి కాబట్టి ఆయన కంటికి అవే కనిపించాయి. వల మార్చాక మేత తినడం మొదలైంది. పురుగులు కారణం కాదు, వల మురికిపట్టిందని చెప్పే గుర్తు. మీరు వాటిని అలాగే వాడుకోండి: ఇవి దట్టంగా కనిపించాయంటే వల మార్చే టైమ్ దాటిపోతోందని అర్థం.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. వల లాగాక చేతులు దురద, మంట వచ్చి, ఈ పురుగులు కుట్టాయని చాలామంది అంటారు. కుట్టేది ఆ నాచులా కనిపించే హైడ్రాయిడ్. అది నాచు కాదు, జెల్లీఫిష్ కుటుంబానికి చెందిన జంతువు, కుట్టే కణాలుంటాయి. కాప్రెల్లా పట్టుకాళ్ళు మన చర్మం మీద గీత కూడా పెట్టలేవు. చేతులకి గ్లౌజులు వేసుకోండి, సరిపోతుంది. కేజ్ నీళ్ళల్లో ఉండగానే బ్రష్‌తోనో నీటి ప్రెషర్‌తోనో వల కడిగితే మాత్రం ఆ హైడ్రాయిడ్ ముక్కలు చేపల మొప్పల్లోకి పోతాయి. నార్వేలో సాల్మన్ రైతులకి ఇది పెద్ద తలనొప్పే. వీలైతే వల మార్చి, పాతది ఒడ్డుకి తెచ్చి ఎండలో బాగా ఆరబెట్టి అప్పుడు దులపండి. ఎండితే కాప్రెల్లా బతకదు, మంచినీళ్ళలో ముంచినా బతకదు.

మందు ఎందుకు వద్దంటున్నానో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. క్రస్టేషియన్లని చంపే మందు ఏది వేసినా అది తెరిచిన సముద్రంలో మీ కేజ్ దగ్గర ఆగదు, చుట్టుపక్కల రొయ్య పిల్లకీ పీత పిల్లకీ తగులుతుంది, మీ చేపకీ ఎంతోకొంత పోతుంది. పైగా నాలుగు వారాల్లో అవి మళ్ళీ వస్తాయి. డబ్బు దండగ.

అయితే చేప ఒంటి మీద ఏదైనా కనిపిస్తే అది వేరే కథ. మొప్పల్లోనో నోట్లోనో బల్లపరుపుగా, అనేక కాళ్ళతో, గట్టి పెంకుతో ఉన్నది అతుక్కుని ఉంటే అది ఐసోపాడ్ కావచ్చు, అది నిజంగానే రక్తం తాగుతుంది. చర్మం మీద చిన్న గుండ్రటి బిళ్ళల్లాంటివి జారుతుంటే సీ లైస్ కావచ్చు. అలాంటప్పుడు రెండు మూడు చేపల్ని పట్టి చేపల డాక్టర్‌కి చూపించండి, నా జవాబు చదివి ఊరుకోవద్దు.

ఇప్పుడు మ్యూటికా సంగతి. మీ స్నేహితుడి భయం అర్థం చేసుకోగలను, ఇంటర్నెట్‌లో కాప్రెల్లా అని కొడితే ముందు వచ్చేది దాని ఫోటోలే. దానికి తగ్గ చరిత్ర కూడా ఉంది. 1935లో షురిన్ అనే ఆయన జపాన్ సముద్రం నుంచి దీన్ని వర్ణించాడు. 1970లలో అమెరికా పడమటి తీరంలో కనిపించింది, పెంచడానికి తెచ్చిన పసిఫిక్ ఆయిస్టర్ల వెంట వచ్చిందని అనుకుంటారు. 1995లో నెదర్లాండ్స్, 1999లో స్కాట్లాండ్, నార్వే. స్కాట్లాండ్‌లో సాల్మన్ కేజ్‌ల మీద వేసవి చివర్లో చదరపు మీటరుకి 3 లక్షల దాకా లెక్కపెట్టారు. అక్కడి పాత కాపు కాప్రెల్లా లినియారిస్‌తో కలిపి ఒకేచోట ఉంచి చూస్తే, మ్యూటికా సంఖ్య తక్కువున్నా లినియారిస్‌ని పట్టు మీంచి తోసేసింది. కాబట్టి రౌడీ జాతే, కాదనను.

కానీ అది చలినీళ్ళ జీవి. స్కాట్లాండ్‌లో దాని మీద జరిగిన ప్రయోగాల్లో 28.3 డిగ్రీల దగ్గర 48 గంటల్లో సగం చచ్చిపోయాయి. నీళ్ళల్లో ఉప్పు వెయ్యి పాళ్ళకి 18.7కి పడితే అప్పుడూ అంతే. మన తీరంలో ఎండాకాలం పైనీళ్ళు 29, 30 దాకా పోతాయి, ఏడాదిలో చాలా నెలలు 27కి పైనే. దానికి తోడు వానల తర్వాత మహానది, గంగ వైపు నుంచి తీరం వెంబడి కిందికి దిగే వరదనీళ్ళతో ఉప్పు తగ్గుతుంది. ప్రయోగశాల లెక్కలు అన్ని చోట్లా అచ్చుగుద్దినట్టు వర్తించవు, అయినా ఇక్కడ అది ఏడాది పొడుగునా కాపురం పెట్టి వేలల్లో పెరుగుతుందని నేను నమ్మను. ఒక ఆక్వా కాలేజీ కుర్రాడు ప్రాజెక్టు రిపోర్టులో ఫోటో పోల్చి మ్యూటికా అని రాసేసి నాకు పంపాడు. నేను అడిగింది ఒకటే: మగదాని మొదటి రెండు ఖండాల మీద వెంట్రుకలేవీ? నున్నగా ఉంది. మ్యూటికా మగదానికి మొదటి రెండు ఖండాలూ, పెద్ద పట్టుకాళ్ళూ నూగుగా, బొచ్చుతో ఉంటాయి, మూడో ఖండం నుంచి వీపు మీద ముళ్ళుంటాయి. ఆడదానికి సంచి మీద ఎర్రటి చుక్కలుంటాయి. ఇవేవీ లేకుండా మ్యూటికా అనకూడదు.

మరి మన దగ్గర ఏవుండొచ్చు? వెచ్చటి రేవుల్లో ఎక్కువగా వినపడే పేరు కాప్రెల్లా స్కౌరా. 1836లో టెంపుల్టన్ మారిషస్ నుంచి దీన్ని వర్ణించాడు, అంటే హిందూ మహాసముద్రం దీనికి కొత్త కాదు. 1994లో వెనిస్ మడుగులో దొరికింది, అక్కడి నుంచి మధ్యధరా అంతా పాకి, స్పెయిన్ దక్షిణాన కాదిజ్ దాకా పోయింది. గుర్తేంటంటే తల మీద ముందుకి వంగిన ఒక ముల్లు, మగదానికి మొదటి రెండు ఖండాలు బాగా పొడుగు. గోధుమరంగు కుచ్చుల్లా పెరిగే బ్యూగులా నెరిటినా అనే బ్రయోజోవన్ అంటే దీనికి ప్రాణం, అది ఉన్నచోట దీన్ని వెతకండి. తల నున్నగా ఉండి, రెండో జత పట్టుకాళ్ళ మధ్య, కింది వైపున, ఒక ముల్లు ఉంటే కాప్రెల్లా ఈక్విలిబ్రా. తల మీద చిన్న త్రికోణపు మొన, ఒళ్ళు కాస్త బొద్దుగా ఉంటే కాప్రెల్లా పెనాంటిస్ వైపు ఆలోచించాలి.

ఇలా రాశానని ముల్లు కనిపించగానే స్కౌరా అని రాసేసుకోవద్దు. మెటాప్రోటెల్లా లాంటి వేరే ప్రజాతుల్లో కూడా తల మీద ముళ్ళుంటాయి. అసలు కాప్రెల్లాయేనా కాదా అని తేల్చుకోవడానికి మూడు నాలుగు ఖండాల దగ్గర మొప్పల పక్కన చూడాలి. కాప్రెల్లా అయితే అక్కడ కాలు అస్సలుండదు. రేవుల్లో తరచు తగిలే పారాకాప్రెల్లా పుసిల్లా అయితే కంటికి ఆనీ ఆననంత చిన్న కాలు రెండు కీళ్ళతో ఉంటుంది. మగ పారాకాప్రెల్లాకి రెండో ఖండం పక్కన ముందుకి పొడుచుకొచ్చిన త్రికోణం కూడా ఉంటుంది. దీనికి భూతద్దం చాలదు, మైక్రోస్కోప్ కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పాల్ మాయర్ అనే జర్మన్ 1882 నుంచి 1903 దాకా మూడు పెద్ద గ్రంథాలు రాసి స్కౌరాకే బోలెడు ఉపరకాలు పెట్టిపోయాడు, పెనాంటిస్‌లో అయితే ఒకే రూపంతో ఉన్న వేరువేరు జాతులు దాగి ఉన్నాయని డీఎన్ఏ చూశాక బయటపడింది. కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఫోటో చూసి పేరు చెప్పడానికి తటపటాయిస్తారు. గబుక్కున చెప్పేవాళ్ళని నమ్మకండి.

మన దేశంలో వీటి మీద పని లేకపోలేదు, తక్కువ. 1927లోనే సుందరరాజ్ పాంబన్ దగ్గరి నుంచి ఒక కొత్త కాప్రెల్లిడ్‌ని వర్ణించాడు. 2010లో స్పెయిన్‌కి చెందిన గెర్రా-గార్సియాతో కలిసి మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎ. వి. రామన్ గారి బృందం తీరమంతా 39 చోట్ల 538 నమూనాలు తీసి కాప్రెల్లిడ్ల జాబితా వేసింది, అందులో ఒక కొత్త జాతి కూడా బయటపడింది. మీరు జాతి పేరు నిజంగా తెలుసుకోవాలంటే ఆ వ్యాసంలో ఉన్న గుర్తింపు కీతో (లక్షణాలు ఒక్కొక్కటే పోల్చుకుంటూ పేరుకి చేరే పట్టికతో) మొదలుపెట్టడం మంచిది, యూరప్ పుస్తకాలతో కాదు. కాప్రెల్లా ప్రజాతి చల్లటి సముద్రాల్లో, ముఖ్యంగా జపాన్ చుట్టుపక్కల ఎక్కువ జాతులతో ఉంటుంది. మన నీళ్ళల్లో మిగతా ప్రజాతుల సందడి కూడా బాగానే ఉంటుంది.

నమూనా పంపేటట్టయితే ఇలా చేయండి. నాచు ముక్కలతో సహా బకెట్లో మంచినీళ్ళు పోసి ఒకసారి ఆడిస్తే పట్టు వదిలి అడుగుకి దిగుతాయి, సన్నటి గుడ్డతో వడకట్టి 95 శాతం ఆల్కహాల్లో వేయండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పనికి పనికిరావు. పెద్ద మగవాటిని తప్పకుండా ఉంచండి, పిల్లల్ని, ఆడవాటిని మాత్రమే పంపితే జాతి తేల్చడం కష్టం. ఏ తాడు మీద, ఏ నాచు మీద దొరికిందో, ఎంత లోతో, ఆరోజు నీళ్ళ వేడి ఎంతో పెన్సిల్‌తో చీటీ రాసి లోపలే పడేయండి, పెన్ను రాత ఆల్కహాల్లో కరిగిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఏ జాతైనా పాటించాలి. లార్వా లేదు, ఈత పేరుకే అన్నాను కదా, మరి సముద్రాలు దాటి ఎలా పోతున్నాయంటే పడవల అడుగున, తాళ్ళ మీద, కొట్టుకుపోయే నాచు మీద మనమే మోస్తున్నాం. రేవులో వాడిన వల, తాడు, డ్రమ్ము ఇంకో ఊరి సముద్రంలో దింపేముందు పూర్తిగా ఎండబెట్టండి. కాకినాడ నుంచి తెచ్చిన తడి తాడు విశాఖలో అలాగే వేసేయడం లాంటివి మానేయాలి.

చివర్లో మీరు "వీటిని పట్టి చేపలకి మేతగా వేయొచ్చా" అని కూడా అడిగారు. మంచి ప్రశ్నే. ఒమేగా-3 కొవ్వులు బాగుంటాయని వీటిని చేపల మేతగా, సాల్మన్ కేజ్‌ల పక్కనే తుక్కు తినిపించి పెంచే పంటగా పరిశోధకులు ఆలోచిస్తూనే ఉన్నారు. సముద్రపు గుర్రాలకైతే ఇవి విందు, అక్వేరియంలో వేస్తే వెతికి వెతికి ఏరుకుంటాయి. మీ కేజ్‌లో పండుగప్ప పిల్లలు కూడా వల లోపలి వైపున్న వాటిని ఏరుకుంటూనే ఉంటాయి, దాన్ని ఆపక్కర్లేదు. కానీ రేవు లోపల, జెట్టీ దగ్గర దొరికిన వాటిని మాత్రం తెచ్చి వేయకండి. ఓడల అడుగుకి ఒకప్పుడు పూసిన ట్రైబ్యూటైల్ టిన్ అనే విషాన్ని కాప్రెల్లిడ్లు సరిగ్గా విరగ్గొట్టలేక ఒంట్లోనే దాచుకుంటాయని జపాన్‌లో తేలింది. ఆ రంగు 2008 నుంచి ప్రపంచమంతా నిషేధం అయినా రేవుల అడుగు బురదలో ఆ విషం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. తెరిచిన సముద్రంలో ఉన్న మీ కేజ్ తాళ్ళ మీదివి అయితే దులిపి, మంచినీళ్ళలో ఒక ముంచు ముంచి వేసుకోవచ్చు.